ముగ్గు కింద దీపం

కుట్టుపని తెలిసిన వాళ్లనెవరినైనా అడిగి చూడండి. కుట్టడం కష్టమని ఎవరూ అనరు. కాడకుట్టు, గొలుసుకుట్టు, కట్‌వర్కు, అద్దాల పని... ఏదైనా నాలుగు రోజులు చెయ్యి తిరిగితే దానంతటదే వచ్చేస్తుంది. అసలు తంటా అంతా డిజైనును గుడ్డ మీదికి దించడంలోనే. పువ్వు ఒక పక్కకి ఒరిగిపోతుంది. మామిడిపిందె ఒక చేతి మీద లావుగా, రెండో చేతి మీద సన్నగా వస్తుంది. కార్బన్ పేపరు మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోవు. మీకూ అనుభవమే కదూ!

ఈ బాధకి ఒక్కో ఊరు ఒక్కో దారి వెతుక్కుంది. మా పెనుగొండకి దిగువన పాలకొల్లు, నరసాపురం వైపు అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లకి గీతతో పనే లేదు. ఎన్ని గొలుసులు, ఎన్ని కన్నాలు అనే లెక్క నోటికొస్తే చాలు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికకి 2024లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. కర్ణాటక కసూతి కూడా అంతే, గుడ్డలోని పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టేస్తారు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చింతపుల్లల్ని కాల్చి, ఆ బొగ్గుతో గుడ్డ మీద నేరుగా బొమ్మ గీస్తారు. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. లక్నో చికన్ పనికి, ఉతికితే పోయే నీలిరంగుతో ముందు అచ్చు వేసుకుంటారు.

మన మగ్గం వర్కు వాళ్ల పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. ట్రేసింగ్ పేపరు మీద గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. కిరసనాయిల్లో కలిపిన జింకు పొడిని గుడ్డపీలికతో దాని మీద రుద్దుతారు. చిల్లుల్లోంచి పొడి దిగి కింద జాకెట్టు మీద చుక్కలు పడతాయి. ముదురు పట్టు మీద ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

మరి చిల్లులు పొడవకూడని కాగితం అయితే?

సరిగ్గా ఆ చిక్కే నాకొచ్చింది.

అమ్మ ముగ్గుల పుస్తకం

సంక్రాంతికి మా మేనకోడలికి ఓణీ కుట్టిపెడతానన్నాను. ఏం డిజైను కావాలే అంటే, ఫోన్లో ఎన్ని చూపించినా ఆ పిల్ల తల అడ్డంగా ఊపేసింది. "మామ్మ ముగ్గు కావాలత్తా. గుమ్మంలో వేసేదే, ఆ మెలికలది" అంది.

మా అమ్మ పోయి ఆరేళ్లు. చేతిరాతగా మాకు మిగిలింది ఆ ముగ్గుల పుస్తకం ఒక్కటే. ఉత్తరాలు రాసే అలవాటు ఆవిడకి లేదు. పద్దులన్నీ నాన్నగారు రాసేవారు. కాబట్టి అమ్మ చేత్తో గీసినవి అంటే ఆ ముగ్గులే. పెన్సిలు గీతలు సగం వెలిసిపోయాయి. కుట్టు ఊడి ఏ కాగితానికాకాగితం విడిపోయింది. అంచు పట్టుకుంటే రేకుల్లా రాలుతోంది.

జెరాక్సు తీయిస్తే చుక్కలు సగం పడ్డాయి, గీతలు అసలే పడలేదు. కార్బన్ పెట్టి పైన పెన్నుతో దిద్దడానికి మనసొప్పలేదు. అమ్మ గీత మీద నా గీత పడితే ఇంక అది అమ్మది ఎలా అవుతుంది? సూదితో పొడవడం అన్న మాటే లేదు. కాగితాన్ని ముట్టుకోకుండా, దాని మీదున్న గీత మాత్రం గుడ్డ మీదికి రావాలి. అలా చేయగలిగేది వెలుతురు ఒక్కటే అనిపించింది.

గాజు కింద వెలుగు

ఇదేం కొత్త సంగతి కాదు. డాక్టరుగారి గదిలో గోడకి తగిలించిన తెల్లపెట్టె చూశారుగా? ఎక్స్‌రే ఫిల్మును దానిమీద పెట్టగానే ఎముకలన్నీ కనిపిస్తాయి. కంప్యూటర్లో పేజీలు అమర్చే రోజులు రాకముందు ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లోనూ అంతే. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద ఫిల్ములు పరిచి అతికించేవారు. చేత్తో గీసిన కార్టూను సినిమాలకి ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టి గీసుకున్నదీ అలాంటి బల్లల మీదే. డిజైను కింద, పల్చటి గుడ్డ పైన, రెండిటికీ అడుగున దీపం... సూత్రం అంతే.

అందరూ చెప్పే మొదటి చిట్కా, కిటికీ అద్దానికి కాగితం, గుడ్డ అంటించి పగటి వెలుగులో గీసుకోమని. మా పెంకుటింటి కిటికీలకి చెక్క తలుపులు, ఇనప ఊచలు తప్ప గాజెక్కడిది! మా వదినగారి డాబాలో అద్దాల కిటికీ ఉంది గానీ, పావుగంట చెయ్యెత్తి గీసేసరికి భుజం పట్టేసింది. పైగా మబ్బు పడితే పని ఆగిపోతుంది. జేబురుమాలు మీద ఒక పువ్వుకైతే కిటికీ చాలు. రెండున్నర గజాల ఓణీ అంచుకి చాలదు.

చిన్న బుటాలకైతే ఫోను కూడా పనికొస్తుంది. తెర తెల్లగా పెట్టి వెలుగు పూర్తిగా పెంచి, దానిమీద పల్చటి గాజుముక్క గానీ గట్టి ప్లాస్టిక్ షీటు గానీ పెట్టుకోవాలి. లేకపోతే వేలు తగిలినప్పుడల్లా తెర కదిలిపోతుంది.

రొయ్యల డబ్బాలో

మా ఇంట్లో చివరికి కుదిరింది ఇది. డెల్టాలో చేపలకి, రొయ్యలకి వాడే తెల్ల థర్మోకోల్ డబ్బాలకి కొదవేముంది! వాడనిది ఒకటి తెప్పించుకున్నాను. పాతది మాత్రం తెచ్చుకోకండి, నీచువాసన గుడ్డకి పట్టేస్తుంది. లోపలంతా తెలుపే కాబట్టి వెలుగు చక్కగా పరుచుకుంటుంది.

గాజు కోసం పటాలు కట్టే కొట్టుకి వెళ్లాను. "ఏ దేవుడి పటానికమ్మా?" అన్నాడు కొట్టాయన. "పటానికి కాదు బాబూ, కింద దీపం పెట్టి పైన గీసుకోడానికి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అలాగైతే పటానికేసే పల్చటిది వద్దండి, మోచెయ్యి ఆనితే పగిలిపోద్ది" అని ఐదు మిల్లీమీటర్ల గాజు కోసి, అంచులు అరగదీసి ఇచ్చాడు. అంచులు అరగదీయించడం మాత్రం మరిచిపోవద్దు. గుడ్డ చిరగడం అటుంచి, ముందు మన వేలు తెగుతుంది.

దీపం దగ్గర ఒక్క మాట. లోపల పెట్టేది ఎల్.ఇ.డి. దీపమే అయి ఉండాలి. పాత గుండ్రటి బల్బు తిన్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. ఆ వేడికి థర్మోకోల్ కరుగుతుంది, పాత కాగితం పెళుసెక్కుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. నేను రెండడుగుల ఎల్.ఇ.డి. పట్టీ పెట్టించాను. డబ్బా పక్కన కన్నం చేసి వైరు బయటికి తీయించాను. వైరుకి మధ్యలో అతుకులు లేకుండా చూసుకోండి. కరెంటు పోయే ఊళ్లో అయితే చార్జింగ్ ఎమర్జెన్సీ లైటు ఇంకా సుఖం. వైరే ఉండదు.

వెలిగించి చూస్తే మధ్యలో చార కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది, అంచుల్లో చీకటి. ఎందుకంటే దీపం గాజుకి మరీ దగ్గరగా ఉంది. దాన్ని జానెడు కిందికి దించి, గాజు అడుగున బటర్ పేపరు అంటించాను. అప్పుడు వెలుగు పాలు పోసినట్టు సమంగా పరుచుకుంది. ఈ రెండు పనులూ చేస్తే కొన్న పెట్టెకీ మనదానికీ తేడా ఉండదు.

ఇంత శ్రమ ఎందుకనుకునే వాళ్లకి బజార్లో పల్చటి ఎల్.ఇ.డి. పలకలు దొరుకుతున్నాయి. ఎ4 సైజుది అంటే మామూలు తెల్లకాగితమంత, ఎ3 అంటే దానికి రెట్టింపు. జాకెట్టు చేతులకి మొదటిది సరిపోతుంది. వీపు డిజైనుకి రెండోదే కావాలి. వాడకలో ఎప్పుడో గానీ ఉండదు కాబట్టి నలుగురు కలిసి కొనుక్కున్నా నష్టం లేదు.

గీసేటప్పుడు

* గదిలో దీపాలు ఆర్పేయండి. పెట్టెలో వెలుగు ఒక్కటే ఉంటే డిజైను స్పష్టంగా కనిపిస్తుంది.

* గుడ్డని ముందు ఉతికి, ఇస్త్రీ చేసుకోండి. గీశాక ముడుచుకుంటే డిజైను కూడా ముడుచుకుంటుంది.

* పాత కాగితమైతే దానికీ గుడ్డకీ మధ్య పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు వెయ్యండి. పెన్ను తడి కాగితానికి తగలదు.

* రెండు చేతులకీ ఎదురెదురుగా నెమళ్లు కావాలా? రెండోసారి గీయక్కర్లేదు. కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టండి. వెనక నుంచి కూడా గీత కనిపిస్తుంది కదా, నెమలి అటు తిరిగిపోతుంది.

* పొడుగు అంచుకి డిజైను రెండు కొసల్లోనూ చిన్న కూడిక గుర్తులు పెట్టుకోండి. గుడ్డ జరిపినప్పుడు గుర్తు మీద గుర్తు కలిస్తే వరస తప్పదు.

* నీళ్లకి పోయే నీలం పెన్ను వాడితే, ఉతక్కముందు ఇస్త్రీ చెయ్యకండి. వేడికి రంగు నిలిచిపోతుంది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులూ ఉన్నాయి గానీ, బాగా చలి తగిలితే ఆ గీత మళ్లీ తేలుతుంది. ముదురు గుడ్డ మీద తెల్లచార మిగులుతుంది కూడా. ఏదైనా సరే, ముందు మూల మీద గీసి చూసుకోవాలి.

* నలుపు, మెరూన్, వెల్వెట్, లైనింగు వేసిన పట్టు... వీటిలోంచి వెలుగు రాదు. వాటికి చిల్లుల కాగితం, జింకు పొడే గతి. అయితే ఆ ట్రేసింగ్ పేపరు మీద డిజైను దించుకోడానికి ఈ పెట్టె పనికొస్తుంది. అసలు కాగితం చెక్కుచెదరదు.

దీపం చూపించినది

ఆ రాత్రి తలుపులు మూసి, అమ్మ కాగితం గాజు మీద పెట్టి దీపం వేశాను. పగలు కంటికి ఆనని గీతలు కూడా కాస్త ముదురుగా తేలాయి. అవే కాదు. కాగితంలో అక్కడక్కడా మిగతా చోట్లకన్నా తెల్లగా మెరిసే మచ్చలు కనిపించాయి. మొదట చెమ్మ మరకలనుకున్నాను. తేరిపార చూస్తే అవన్నీ రబ్బరుతో చెరిపిన చోట్లు. రుద్ది రుద్ది కాగితం పల్చబడితే వెలుగు అక్కడ ఎక్కువగా దూరుతుంది కదా! ఒక మెలిక దగ్గరైతే నాలుగైదుసార్లు చెరిపి ఉంటుంది.

అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే చెయ్యి ఆగడం మేమెప్పుడూ చూడలేదు. తలెత్తకుండా, మాట్లాడుతూనే వేసేసేది. పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేవాళ్లం. మేం నిద్రపోయాక ఈ పుస్తకంలో చెరుపుకుంటూ, దిద్దుకుంటూ నేర్చుకుందని ఆ వెలుగులోనే తెలిసింది. మా మేనకోడలు ఆ మచ్చల్ని వేలితో లెక్కపెట్టి, "మామ్మక్కూడా తప్పులొచ్చేవా అత్తా?" అంది. దాని మొహంలో అంత ఆనందం ఎందుకో నాకు తెలుసు. లెక్కల పుస్తకంలో దాని కొట్టివేతలు నేను చూశాను మరి!

ముగ్గు విషయంలో ఒక సుళువు కూడా ఉంది. గీతలన్నీ దించుకోనక్కర్లేదు. చుక్కలు సరిగ్గా పడితే చాలు, మెలిక వాటి చుట్టూ దానంతటదే తిరుగుతుంది. అందుకని తెల్ల ఆర్గండీ ఓణీ మీద చుక్కలు మాత్రం నేను పెట్టాను. గీతలు పిల్లే కలిపింది, అమ్మ కాగితం పక్కన పెట్టుకుని చూస్తూ. ఒకచోట మెలిక కొంచెం పక్కకి పోయింది. దిద్దనిచ్చాను గానీ, నేను చెయ్యి వెయ్యలేదు.

ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉండడం తక్కువ. ఎదురింట్లో మగ్గం వర్కు చేసుకునే అమ్మాయి ప్రతి జాకెట్టునీ ట్రేసింగ్ కోసం బస్సెక్కి తణుకు పట్టుకెళ్లేది. ఒక పూట పోయేది, డబ్బులూ పోయేవి. ఇప్పుడు పిల్లాణ్ణి నిద్రపుచ్చి, రాత్రి ఇంట్లోనే కాగితాలు తీసుకుంటోంది. "ఆంటీ, ఈ పూట కలిసొచ్చిందంటే అద్దాల పని ఒకటి ఎక్కువ పూర్తవుద్దండి" అంటుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. అమ్మమ్మ లేసు నమూనాలో, అత్తగారి దిండుగలీబు పువ్వులో, పెళ్లికి ముందు పిన్ని గీసుకున్న చిలకలో. ఈ ఆదివారం ట్రంకుపెట్టె దించి ఒకసారి వెతకండి. కాగితం దొరికితే మడతలు బలవంతంగా విప్పకండి, తడిచెయ్యి తగలనీయకండి. గాజుపలక, దీపం ఎప్పుడైనా దొరుకుతాయి. చెదలు పట్టిన కాగితం మళ్లీ దొరకదు, ఏమంటారు?