బడిపిల్లల మధ్య రచయిత

రాయడానికి ఏమీ తోచడం లేదని వాపోయే యువరచయితలు ప్రతి సభలోనూ కనిపిస్తారు. ప్రేరణ ఆకాశం నుంచి ఊడిపడదనీ, జీవితంలోకి వెళ్ళాలనీ మనం వాళ్ళకు చెబుతూనే వున్నాం. ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో మాత్రం చెప్పడం లేదు. నర్సీపట్నంలాంటి వూళ్ళో ఆ గుమ్మం బడి.

నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ మధ్య గడప. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసుస్టేషన్‌పై దాడి చేసింది. ఆ తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ బలగాలు ఈ వూరినే ఆసరా చేసుకున్నాయి. సరిగ్గా నూరేళ్ళకు, 2022లో, జిల్లాలు విడదీసి నర్సీపట్నాన్ని అనకాపల్లి జిల్లాలో, చింతపల్లిని అల్లూరి పేరిట ఏర్పడిన జిల్లాలో పెట్టారు. అయినా చదువుకోసం కొండ దిగే పిల్లలకు దారి అదే. అల్లూరిమీద మనం చాలా రాశాం. ఈ పిల్లల గురించి రాసింది బహు తక్కువ.

ఇక్కడ ఒక వసతిగృహంలో కొన్ని సాయంత్రాలు పిల్లలకు కథలు చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు నా కథే చదివాను. అందులో ఒక గిరిజనుడు తెల్లవారుజామున మంచులో కొండ దిగి సంతకు వస్తాడు. మంచును నేను అరపేజీ వర్ణించాను. ఒక ఆడపిల్ల లేచి, "మేష్టారూ, కావిడి ఏదండీ?" అంది. నాకు అర్థం కాలేదు. "సంతకెళ్ళేవోడు వుత్తి చేతుల్తో దిగుతాడా?" అంది మళ్ళీ. నా పాత్రకు భుజంమీద బరువు లేదు. చింతపండో, పసుపో, అడ్డాకులో అమ్ముకోవడానికి కాకపోతే అతను ఆ చలిలో ఎందుకు దిగాడో నేను ఆలోచించనేలేదు! ఏ విమర్శకుడూ పట్టుకోని తప్పు అది. శిల్పలోపమని మనం సరిపెట్టుకుంటాం గాని, నిజానికి అది శ్రమను చూడకపోవడం.

ఇలాంటి అనుభవం టాల్‌స్టాయ్ అంతటివాడికే తప్పలేదు. ఆయన 1859లో యాస్నయా పొల్యానాలో రైతుబిడ్డలకోసం బడి పెట్టాడు. ఒకనాడు ఒక సామెత ఆధారంగా కథ రాయమన్నాడు. పిల్లలు బిగుసుకుపోతే తానే మొదలుపెట్టాడు. వాళ్ళు బల్లచుట్టూ మూగి, ఆయన రాసినదాన్ని దిద్దడం సాగించారు. ఫెద్కా అనే కుర్రాడు, కథలో ఒక పల్లెటూరివాడు ఆడవాళ్ళ గొర్రెతోలు కోటు తగిలించుకున్నాడని రాయాలన్నాడు. ఆ కోటు ఎందుకో టాల్‌స్టాయ్‌కి మొదట తట్టలేదు. తర్వాత అర్థమైంది: తొందరలో ఇంట్లో ఏది చేతికందితే అది వేసుకునే రైతు బతుకంతా ఆ ఒక్క కోటులో వుంది. రైతుబిడ్డలకు మనం రాయడం నేర్పాలా, లేక వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాలా అని ఆయన 1862లో వ్యాసమే రాశాడు. పదేళ్ళ తర్వాత పిల్లల వాచకంకోసం రాసిన 'కాకసస్ ఖైదీ'ని, ముసలితనంలో తన రచనలన్నిటినీ దాదాపుగా తోసిపుచ్చినప్పుడు కూడా, మంచి కళగా మిగుల్చుకున్నాడు. ఆయన జమీందారు కావడం వేరే విషయం. పిల్లల ముందు కలం కిందపెట్టగలిగాడు, అది మనకు కావాలి.

రష్యాదాకా పోనక్కరలేదంటారా? మన గిడుగు రామమూర్తిగారున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా వుంటూ సవరభాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు తయారుచేసి, సొంత డబ్బుతో సవరపిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వ్యావహారిక భాషకోసం ఆయన పండితులతో పోరాడింది మనందరికీ తెలుసు. పలికే భాషకు బడిలో చోటులేకపోతే పిల్లవాడు ఏమవుతాడో ఆ కొండల్లో చూసినవాడు కనకనే ఆ పోరాటంలో అంత పట్టుదల చూపగలిగారని నా నమ్మకం.

అయితే ఒక ప్రమాదం వుంది. వారం రోజులు బడికి వెళ్ళి, నాలుగు వింతమాటలు ఏరుకొచ్చి, కథకు "ప్రాంతీయ సువాసన" అద్దుకునే పద్ధతి. పిల్లలు మన కథలకు ముడిసరుకు కారు. మొదట వాళ్ళకు పనికొచ్చే పని చెయ్యాలి: చదవడం రానివాడికి అక్షరాలు చెప్పడం, గ్రంథాలయం బీరువా తాళం తీయించడం, వాళ్ళు చెప్పిన కథను వాళ్ళ పేరుతోనే రాసిపెట్టడం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కువి, కొండ, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలైంది. వాచకం పక్కన చదువుకోవడానికి ఆ భాషల్లో కథల పుస్తకాలు ఎన్ని వున్నాయో ఏ బడికైనా వెళ్ళి చూడండి.

ఆ కథను నేను మళ్ళీ రాశాను. మంచు రెండు వాక్యాలకు తగ్గింది. కావిడి బరువెంతో, సంతలో షావుకారు తూకంలో ఎంతకు దిగిందో రాయవలసి వచ్చింది. దాంతో కథ మారిపోయింది. ముగింపు ఆ పిల్లకింకా నచ్చలేదు.