ఓడ ప్రయాణం - ఏ రేవు నుంచి?

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో సాయంత్రం పూట బీచికి వెళ్ళి, దూరంగా లంగరు వేసి ఉన్న ఓడల దీపాలు లెక్కపెడుతూ కూర్చునేవాళ్ళం. ఆ ఓడల్లో ఒక్కటైనా ఎక్కే యోగం పట్టలేదు. అమెరికా వచ్చాక రెండుసార్లు ఓడ ఎక్కాను. రెండోసారి మాత్రం ఎక్కకుండా ఉంటే బాగుండుననిపించింది. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత వచ్చే మార్చి సెలవుల్లో మన పిట్స్‌బర్గ్ కుటుంబాలు పదకొండు కలిసి వెళ్ళదలచుకున్న ప్రయాణం లెక్కలు మీ ముందు పెడతాను.

2018లో నేను రెసిడెన్సీ చేస్తున్నప్పుడు, జె-1 వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉండగానే, ఫ్లోరిడా నుంచి నాలుగు రోజుల ఓడలో బహామాస్ వెళ్ళివచ్చాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ ధైర్యంతో 2024 మార్చిలో నాలుగు కుటుంబాల ప్రయాణం నేనే కుదిర్చాను. అందులో ఒక మిత్రుడు కంప్యూటర్ ఉద్యోగి, హెచ్-1బి మీద ఉన్నాడు. "స్టాంపు అయిపోయింది, ఫరవాలేదా?" అని అడిగాడు. "నేను వెళ్ళొచ్చాను కదయ్యా, ఏమీ కాదు" అన్నాను. డాక్టరు మాట కదా, నమ్మాడు.

రేవులో ఓడ కంపెనీ వాళ్ళు ఆ కుటుంబాన్ని పక్కకు నిలబెట్టారు. గంటసేపు బతిమాలాం. స్టాంపు లేనిదే ఎక్కనివ్వమన్నారు. పిల్లలిద్దరూ ఏడుపు. ఆయన భార్య మాత్రం, "మీరు వెళ్ళిరండి అన్నయ్యగారూ, మేము ఇక్కడే బీచిలో గడుపుతాం" అంది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. సరైన కాగితాలు తెచ్చుకోవడం ప్రయాణీకుల బాధ్యత అని టిక్కెట్టు షరతుల్లోనే ఉంది. ఓడవాళ్ళ తప్పు లేదు. తప్పు నాది. ఓడ కదులుతుంటే డెక్కు మీద అందరూ చేతులు ఊపుతున్నారు. నేను కేబిన్‌లోంచి బయటికి రాలేకపోయాను.

తిరిగి వచ్చాక రూలు చదివాను. వీసా స్టాంపు గడువు తీరినా, ఐ-94 చెల్లుబాటులో ఉన్నవారు 30 రోజులకు మించకుండా కెనడాకు గాని మెక్సికోకు గాని వెళ్ళి తిరిగి రావచ్చు. అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు పెట్టకూడదు. ఎఫ్, జె వీసాల వారికి మాత్రం ఈ వెసులుబాటు పక్కనున్న దీవులకు కూడా ఉంది, ఒక్క క్యూబాకు తప్ప. హెచ్-1బి వారికి దీవులు లేవు. నాకు చెల్లింది కాబట్టి నా స్నేహితుడికీ చెల్లుతుందనుకున్నాను. ఒక రోగికి పనిచేసిన మందు పరీక్ష చేయకుండా ఇంకొకరికి రాసిచ్చినట్టయింది.

అందుకే ఈసారి బ్రోషర్లు తిరగేయక ముందే ప్రతి ఇంటి నుంచీ పాస్‌పోర్టులు, స్టాంపు తేదీలు రాసి తెచ్చుకున్నాం. ఆ పట్టిక చూస్తేనే ఏ రేవు నుంచి వెళ్ళాలో సగం తేలిపోయింది.

అసలు ప్రతి ఓడా ఏదో ఒక పరాయి దేశాన్ని తాకే ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా కింద నడిచే ఓడలు మధ్యలో పరాయి రేవేదీ తాకకుండా ప్రయాణీకులను అమెరికా రేవుల మధ్య తిప్పకూడదు. పెద్ద విహార ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడ కెనడాలోని విక్టోరియా దగ్గర సాయంత్రం పూట కాసేపు ఆగేది ఇందుకే. "అలాస్కా అమెరికాయే గదా" అని అమ్మానాన్నల్ని తీసుకుని బయలుదేరితే, భారతీయ పాస్‌పోర్టుకు కెనడా వీసా కావలసి వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ వీసా అక్కర్లేదు.

అమెరికా పౌరులు బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఓడలో జనన ధ్రువపత్రంతో వెళ్ళవచ్చు. పదహారేళ్ళు నిండినవారికి దానితోపాటు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో కార్డు కూడా ఉండాలి. అయినా ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా పాస్‌పోర్టు తీయించండని నా సలహా. మధ్యలో ఒంట్లో బాగులేక ఏ దీవిలోనో దిగిపోతే, విమానంలో ఇంటికి రావడానికి జనన ధ్రువపత్రం పనికిరాదు.

ఇక డబ్బు సంగతి. మేము మూడు రేవులు చూశాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒకే లోపలి కేబిన్ అనుకుని వేసిన లెక్క ఇది. ధరలు వారం వారం మారతాయి గనుక అంకెల కన్నా పద్ధతి చూడండి.

మొదటిది ఫ్లోరిడా, ఏడు రాత్రులు. ఓడకు పన్నులతో 2,300 డాలర్లు. మనిషికి రోజుకు 16 చొప్పున టిప్పులు రమారమి 450. విమానం 1,040, పెట్టెలకు 140, ముందు రాత్రి హోటలు 190, టాక్సీలు 90. మొత్తం 4,210.

రెండవది బాల్టిమోర్, ఏడు రాత్రులు. ఓడకు 2,900, టిప్పులు 450, పెట్రోలు, టోలు కలిసి 150, రేవులో కారు పెట్టినందుకు 150. మొత్తం 3,650.

మూడవది టెక్సస్‌లోని గాల్వెస్టన్, అయిదు రాత్రులు. ఓడకు 2,000, టిప్పులు 320, విమానం 920, పెట్టెలకు 100, అందరం కలిసి తీసుకునే వ్యానుల్లో వంతు 120. మొత్తం 3,460. హోటలు ఖర్చు రాయలేదేమని అడగకండి. హ్యూస్టన్‌లో చుట్టం గాని, క్లాస్‌మేటు గాని లేని తెలుగువాడు మన పదకొండు కుటుంబాల్లో లేడు!

చూశారా? ఓడ టిక్కెట్టు ఒక్కటే చూస్తే ఏడు రాత్రులకు ఫ్లోరిడా బాల్టిమోర్ కంటే 600 డాలర్లు చవక. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్కేస్తే 560 ఎక్కువ. ఓడ టిక్కెట్టు ధర వేరు, ప్రయాణం ధర వేరు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేసేది మొదటిదే.

బాల్టిమోర్ మనకు కారులో నాలుగు గంటలు. పెద్దవాళ్ళకు విమానాశ్రయంలో నడక తప్పుతుంది, పెట్టెలు ఎన్నైనా పట్టుకుపోవచ్చు. కాని అక్కడికి మరీ పెద్ద ఓడలు రావు. చీసపీక్ అఖాతం మీది వంతెన నీటి మట్టానికి సుమారు 186 అడుగుల ఎత్తు, దాని కింద దూరగలిగినవే రావాలి. 2024 మార్చి 26న కీ వంతెనను సరుకు ఓడ ఢీకొని ఆరుగురు కార్మికులు చనిపోయినప్పుడు, అక్కడికి రావలసిన విహార ఓడలను నార్‌ఫోక్ రేవుకు మళ్ళించారు. రేవు ఏదైనా సరే, తిరుగు ప్రయాణానికి కొంత వెసులుబాటు ఉంచుకోవాలన్నది అందులో పాఠం. ఇంకొక సంగతి. మార్చిలో అక్కడి నుంచి బయలుదేరితే వెచ్చటి నీళ్ళు చేరేసరికి రెండు రోజులు పడుతుంది. దారిలో నార్త్ కరొలినా దగ్గర హాటరస్ అగ్రం పక్కన సముద్రం తరచు అల్లకల్లోలంగా ఉంటుంది.

గాల్వెస్టన్ నుంచి వెళ్ళే అయిదు రాత్రుల ఓడల్లో మెక్సికోలోని కొసుమెల్, ప్రోగ్రెసో మాత్రమే తాకేవి ఉన్నాయి. మధ్యలో దీవి దేశాలేవీ లేవు. మా పట్టికలో స్టాంపు గడువు తీరినవారు రెండు కుటుంబాలున్నారు, అందులో ఒకటి మా పాత మిత్రుడిదే. స్టాంపు కోసం ఇండియా వెళ్ళి, తిరిగి రావడం ఆలస్యమైతే ఉద్యోగం ఏమవుతుందో అన్న భయం వాళ్ళది. రోజుకు ఇంత అని లెక్కిస్తే బాల్టిమోరే చవక, అది నేను దాచను. కాని బాల్టిమోర్ ఓడ బహామాస్ వెళుతుంది. ఆ రెండు కుటుంబాలను ఇంట్లో దిగబెట్టి మిగిలిన తొమ్మిదీ వెళ్ళాలి. మొన్నటి సమావేశంలో గంటన్నర చర్చ జరిగింది. చివరికి ఒక పెద్దావిడ, "రెండు రోజులు తక్కువైతే ఏమిటి నాయనా, అందరం వెళదాం" అన్నారు. గాల్వెస్టన్ ఖాయమైంది.

అయినా ఈసారి నా మాట మీద ఎవరూ బయలుదేరరు. ఆ రెండు కుటుంబాల వారు ఇమిగ్రేషన్ లాయరు చేత ఉత్తరం రాయించుకుంటారు. ఓడ ఎక్కనిస్తామనీ, మెక్సికో రేవుల్లో దిగడానికి అడ్డు లేదనీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుంటారు. ఆ రెండూ చేతికి వచ్చాకే అడ్వాన్సు కడతాం.

జట్టుగా వెళ్ళడంలో లాభం ఉంది. సాధారణంగా ఎనిమిది కేబిన్లు దాటితే జట్టు కింద లెక్కిస్తారు. పదహారు మందికి ఒకరి టిక్కెట్టు సొమ్ము వెనక్కి ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. ఆ సొమ్ము నిర్వాహకుడి జేబులోకి పోకుండా అందరికీ సమంగా పంచాలని ముందే తీర్మానించాం. కేబిన్‌లో మూడో మనిషికీ, నాలుగో మనిషికీ ధర తగ్గుతుంది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ, ధరా తక్కువే. పెద్దవాళ్ళకు అవి తీసుకోండి. మార్చిలో గాల్వెస్టన్ దగ్గర సముద్రపు మంచు పట్టి ఓడలు రేవులోకి రావడం ఆలస్యమవుతుంది. దిగిన రోజు ఉదయం విమానానికి టిక్కెట్టు కొనవద్దు. ఆ రోజు పేర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, హ్యూస్టన్‌లో భోంచేసి, రాత్రి విమానం ఎక్కుదాం.

ఇప్పుడు డాక్టరుగా నాలుగు మాటలు.

ఓడలో చిన్న వైద్యశాల ఉంటుంది, పెద్దాసుపత్రి ఉండదు. గుండెనొప్పి వస్తే ప్రథమ చికిత్స చేసి దగ్గరి రేవులో దింపుతారు, లేదా హెలికాప్టరు పిలుస్తారు. ఆ ఖర్చు వేలల్లోకి, పదివేలల్లోకి పోతుంది. అమ్మానాన్నలకు మనం కొనే విజిటర్ ఇన్సూరెన్సు అమెరికా దాటితే పనిచేస్తుందో లేదో పాలసీలో చదవండి. పనిచేయకపోతే, అత్యవసర తరలింపు కూడా కలిసిన ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, ఆయాసం అదుపులో లేనివారు ఈసారికి ఆగడం మంచిది. మన జట్టులో ఒకరికి నేనే ఆ మాట చెప్పవలసి వచ్చింది. ఆయనకు కోపం వచ్చింది. రానివ్వండి. పోయినసారి మొహమాటానికి "ఏమీ కాదు" అన్నదే నాకు చాలు.

కడుపులో తిప్పకుండా చెవి వెనక అంటించుకునే స్కోపొలమిన్ పట్టీ ఒకటుంది. పెద్దవాళ్ళకు అడగకుండా అంటించకండి. ఒక రకం గ్లాకోమా ఉన్నవారికి ప్రమాదం. ప్రొస్టేటు పెరిగినవారికి మూత్రం బిగుస్తుంది. వయసు మళ్ళినవారిలో మతి తప్పినట్టు మాట్లాడించే గుణం కూడా దానికుంది. మెక్లిజిన్ మాత్రలు కొంత నయం, నిద్రమత్తు మాత్రం ఉంటుంది. ఆ మాత్రలైనా మీ డాక్టరును అడిగే వాడండి.

ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ చేతికి రాసుకునే ఆల్కహాలుకు సరిగా లొంగదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమే మందు. మన అమ్మమ్మలు చెప్పిందే! ఇన్సులిను, రోజువారీ మందులు చేతిసంచీలో ఉంచుకోండి. పెద్ద పెట్టె కేబిన్‌కు చేరేసరికి సాయంత్రమవుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్ళనూ, 24 వారాల గర్భం నిండినవారినీ సామాన్యంగా ఎక్కించుకోరు.

భోజనం సంగతి అడగనిదే మన పత్రిక మూయరని తెలుసు. బుక్ చేసేటప్పుడే భారతీయ శాకాహారం అని రాయిస్తే చాలా ఓడల్లో వండి పెడతారు. రైస్ కుక్కర్లు తీసుకురావద్దు, రేవులోనే లాక్కుంటారు. ఇంట్లో వండిన పులిహోర కూడా రానివ్వరు. సీలు తీయని కొట్టు పచ్చళ్ళు, పొడులు సామాన్యంగా ఆపరు. తిరిగి వచ్చేటప్పుడు పళ్ళు, కాయలు ఓడలోనే వదిలేయాలి.

రాదలచినవారు ఈ నెలాఖరులోగా మన కార్యదర్శి గారికి పేర్లివ్వండి. పేరుతోపాటు పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు, వాడుతున్న మందుల జాబితా జతచేయాలి. అవి లేని పేరు రాసుకోము.

అన్నట్టు, అందరికంటే ముందు పేరిచ్చింది రేవులో ఆగిపోయిన ఆ కుటుంబమే. ఆవిడ ఫోనులో అన్న మాట ఇది: "ఈసారి లాయరు ఉత్తరం ముందు, సూట్‌కేసు తరవాత, అన్నయ్యగారూ!"