ప్రయాణ సమాచారం – గోదావరి సీమ

ప్రయాణికునికి వాహనం ఎంత అవసరమో, దారిని గురించిన ఎరుక కూడా అంతే అవసరం. పూర్వకాలంలో వర్తకుల బిడారులను నడిపించిన సార్థవాహులకు ఏ అడవిలో నీరు దొరుకుతుందో, ఏ ఏరు ఏ ఋతువులో దాటరానిదో తెలిసి ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశీకి వెళ్లి వచ్చి రచించిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మజిలీలు, వాటి మధ్య దూరాలు, దారుల స్థితిగతులు, ఊళ్లలో లభించే వసతులు అందులో వివరంగా నమోదయ్యాయి. ఈ దృష్టితో చూస్తే అది యాత్రాచరిత్ర మాత్రమే కాదు, తరువాతి యాత్రికులకు మార్గదర్శి కూడా. అయితే గ్రంథం నిన్నటి దారిని చెప్పగలదు. నేటి దారిని చెప్పలేదు. ఈ ఉదయం రేవు నడుస్తున్నదా, బస్సు బయలుదేరిందా, వంతెన తెరిచి ఉన్నదా అన్న ప్రశ్నలకు ఏ పూటకు ఆ పూట సమాధానం చెప్పే ఏర్పాటునే నేడు ప్రయాణికుల సమాచార వ్యవస్థ అంటున్నారు.

ఇటువంటి వ్యవస్థ ఆవశ్యకతను గ్రహించడానికి గోదావరి డెల్టాను మించిన ఉదాహరణ అరుదు. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ కోనసీమ విస్తరించింది. వైనతేయ పాయ దానిని మళ్లీ విభజిస్తుంది. అందుచేత ఇక్కడి ప్రయాణం తరచుగా ఏరు దాటడంతో ముడిపడి ఉంటుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత కాలువలు పొలాలకు నీటిని ఇవ్వడమే కాక పడవలకు దారులు కూడా అయ్యాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతం అన్నం పెట్టి అన్నపూర్ణగా కీర్తి పొందింది. ఏటి ప్రయాణంలో ఎప్పుడు గమ్యం చేరుతామో తెలియని ఆ రోజులలో అటువంటి ఇల్లే ప్రయాణికులకు ఆధారం.

కాలక్రమాన వంతెనలు వచ్చాయి. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య 1974లో రోడ్డు–రైలు వంతెన, 2015లో నాలుగవ వంతెన ప్రారంభమయ్యాయి. ఈ శతాబ్ది ఆరంభంలో ఎదుర్లంక, చించినాడల వద్ద నిర్మించిన వంతెనలు కోనసీమను ఇరుగుపొరుగు ప్రాంతాలకు చేరువ చేశాయి. అయినా పంటుల అవసరం పూర్తిగా తీరలేదు. సఖినేటిపల్లి నుండి భీమవరం వెళ్లదలచిన విద్యార్థిని ఊహించుకొందాం. అతడు ఆటోలో రేవుకు చేరి, పంటు మీద వసిష్ఠను దాటి, నరసాపురంలో రైలో బస్సో ఎక్కాలి. ఒకే ప్రయాణంలో మూడు వాహనాలు, ముగ్గురు నిర్వాహకులు. ఏటిలో నీరు పెరిగి పంటు ఆగిపోతే, ఆ సంగతి అతనికి రేవు గట్టున తెలిసి ప్రయోజనం లేదు. ఇంటి వద్దనే తెలిస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి అయినా వేళకు పరీక్షకు చేరగలడు. రేవులో పంటు ఆగిందన్న మాట నిజమే అయినా, ఆలస్యంగా అందినందువల్ల అది అతనికి అక్కరకు రాదు.

సమాచార వ్యవస్థ పనిలో మూడు దశలు ఉంటాయి. మొదటిది సేకరణ. బస్సులో అమర్చిన చిన్న పరికరం ఉపగ్రహాల సంకేతాలను అందుకొని తానున్న చోటును లెక్కకట్టి, ఫోను సంకేతాల ద్వారా కేంద్రానికి పంపుతుంది. రోడ్లపై రద్దీని, ప్రమాదాలను పోలీసులు, రహదారుల సిబ్బంది తెలుపుతారు. నీటిమట్టాన్ని జలవనరుల శాఖ చెబుతుంది. రెండవది పరిశీలన. వచ్చిన వార్తలను సరిపోల్చి, మిగిలిన దూరాన్ని, వాహన వేగాన్ని బట్టి బస్సు ఏ వేళకు చేరుతుందో అంచనా వేస్తారు. మూడవది ప్రసారం. ఫోను, రేడియో, బస్టాండు ఫలకం, మైకు ప్రకటన ఇందుకు సాధనాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండింటి శ్రమ వృథా అవుతుంది.

అమెరికాలో 2000వ సంవత్సరంలో 511 అనే నంబరును ప్రయాణికుల సమాచారం కోసం దేశమంతటికీ కేటాయించారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ రోడ్లు, వంతెనలు, రైళ్లు, బస్సులు, పడవలు వేరువేరు సంస్థల అధీనంలో ఉన్నప్పటికీ, వాటి సమాచారాన్ని ఆ నంబరు కిందకు తెచ్చారు. 2005లో పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి బస్సుల వేళలను ఒకే పద్ధతిలో నమోదు చేసే విధానాన్ని రూపొందించాయి. ప్రపంచంలోని అనేక నగరాలు దానిని అనుసరించాయి. సంస్థలు వేరైనా సమాచారం ఒక్కటి కావచ్చునని ఈ అనుభవాలు నిరూపించాయి.

మన ప్రాంతంలోనూ ఇందుకు కావలసిన సామగ్రి చాలావరకు ఉంది. ఆర్టీసీ బస్సుల జాడను తెలిపే యాప్ ఉంది. రైళ్ల వివరాలకు 139 నంబరు ఉంది. ఆటోల వంటి వాటిని మినహాయించి, 2019 నుండి కొత్తగా నమోదయ్యే ప్రజారవాణా వాహనాలలో జాడ తెలిపే పరికరం ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించింది. కాని ఒక్కొక్క శాఖ తన వాహనం గురించి మాత్రమే చెబుతుంది; ప్రయాణికుని పూర్తి ప్రయాణం గురించి చెప్పేవారు లేరు. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ వల్ల ఒకప్పటి ఉభయ గోదావరి జిల్లాల డెల్టా మరిన్ని జిల్లాల పాలనలోకి వచ్చింది. సఖినేటిపల్లి ఒక జిల్లాలో, ఎదుటి ఒడ్డున నరసాపురం మరొక జిల్లాలో ఉన్నాయి. ఏటికి మాత్రం ఈ ఎల్లలు లేవు.

వరద వేళ ఈ లోటు మరింత బాధిస్తుంది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని జారీ చేస్తారు. 2022 జూలైలో అక్కడి నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి ప్రవహించగా లంక గ్రామాలకు రాకపోకలు స్తంభించాయి. భద్రాచలం వద్ద పెరిగిన నీరు డెల్టాకు చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలోనే 'ఈ కాజ్‌వే మునగవచ్చు, ఈ రేవు ఆగవచ్చు, ఈ దారిన బస్సులు నడుస్తాయి' అని ఊరి పేరుతో చెప్పగలిగితే, నెలలు నిండిన గర్భిణి ముందుగానే ఆస్పత్రికి చేరగలదు. అడుగుల లెక్క అధికారులకు చాలు. సామాన్యునికి కావలసింది తన ఊరి దారి సంగతి.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది మరణించారు. ఆ దుర్ఘటనకు సమాచార లోపమొక్కటే కారణమని చెప్పడం సరికాదు. కాని ఒకే వేళకు ఒకే ఘాట్‌కు చేరే జనాన్ని బస్టాండులోనే, రైల్వే స్టేషనులోనే ఖాళీగా ఉన్న ఘాట్ల వైపు మళ్లించడం సమాచారం ద్వారా సాధ్యమయ్యే పని. అటువంటివేళ సరైన మాట ప్రాణరక్షణకు తోడ్పడుతుంది.

ఈ వ్యవస్థ నిర్మాణంలో రెండు జాగ్రత్తలు అవసరం. స్మార్ట్‌ఫోను లేని రైతుకూలీకి, చదువురాని వృద్ధురాలికి కూడా సమాచారం అందాలి. కనుక తెలుగులో మాట్లాడి జవాబు చెప్పే నంబరు, రేవులో పెద్ద అక్షరాల ఫలకం, కండక్టరు నోటి మాట, పంచాయతీ మైకు కూడా అందులో భాగం కావాలి. రెండవది సత్యనిష్ఠ. రాని బస్సును వస్తున్నదని చూపే ఫలకాన్ని జనం రెండు రోజులు నమ్ముతారు, మూడవ రోజు దాని వైపు చూడరు. అందుచేత ఏ రేవు సమాచారానికి ఎవరు బాధ్యులో, దానిని ఎంతసేపటికొకసారి సరిచూడాలో ముందే నిర్ణయించాలి.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. వంతెన కట్టడానికి ఏళ్లు పట్టవచ్చు. ఉన్న దారుల సంగతిని ఒకచోట చేర్చి చెప్పడానికి అంతటి వ్యయం గాని, అంతటి కాలం గాని అవసరం లేదు. శాఖల మధ్య సహకారం, ప్రయాణికుని వేళకు విలువనిచ్చే మనసు ఉంటే చాలు. సీతమ్మ కాలంలో బాటసారికి అన్నం పెట్టడం ఎంతటి ధర్మమో, ఈ కాలంలో అతనికి వేళకు సరైన దారి చెప్పడమూ అంతటి ధర్మమే.