ఫార్మాట్ కొట్టించే ముందు హార్డ్ డిస్కు సంగతి చూడండి

సిస్టమ్ నెమ్మదించిందనగానే మనవాళ్ల నోట ముందు వచ్చే మాట, "ఫార్మాట్ కొట్టించేస్తే సరిపోతుంది". చెడింది విండోస్ అయితే ఆ మాట నిజమే. చెడింది హార్డ్ డిస్కు అయితే మాత్రం ఫార్మాట్‌తో జబ్బు నయం కాదు, ఉన్న ఫైళ్లు పోతాయి. ఏది చెడిందో ఇంట్లోనే చూసుకోవచ్చు, పెద్ద చదువేమీ అక్కర్లేదు.

మన ఇళ్లకు, సంఘాలకు ఇది మరీ ముఖ్యమని మేము ఎందుకంటున్నామంటే, హోసూరులో గానీ బళ్లారిలో గానీ బరంపురంలో గానీ షోలాపూరులో గానీ మనం ఏళ్ల తరబడి తెలుగులో కొట్టించుకున్నవి చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. ఉగాది సంచికలు, సభ్యుల పట్టీలు, శుభలేఖలు, తెలుగు మీడియం కోసం పెట్టుకున్న అర్జీల నకళ్లు అన్నీ అలాంటివే. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. సర్వీసు షాపులో కుర్రవాడు తమిళమో కన్నడమో ఒడియానో చదువుకున్నవాడు. అది చూసి "ఫైలు పాడైపోయింది సార్" అంటే అతని తప్పు లేదు. ఏది ఉంచాలో మనమే చెప్పాలి.

కొత్త ప్రోగ్రాం వేసిన తర్వాతో, అప్‌డేట్ అయిన తర్వాతో మొదలైన తిప్పలు సాధారణంగా విండోస్‌వి. సేఫ్ మోడ్‌లో బాగా నడుస్తుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. డిస్కు లక్షణాలు వేరుగా ఉంటాయి. ఒక ఫోల్డరు తెరవగానే నిమిషాల తరబడి బిగుసుకుపోవడం, కాపీ ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగడం, ఆన్ చేసినప్పుడల్లా విండోస్ తనంతట తానే డిస్కు తనిఖీకి దిగడం. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం చూపడం మాత్రం రెండింటిలోనూ ఉంటుంది, దాన్ని బట్టి తేల్చకండి.

డిస్కు మీద అనుమానం వస్తే మొదటి పని పరీక్ష కాదు, కాపీ. బయటి డిస్కుకో పెన్ డ్రైవ్‌కో తీయండి. "డి డ్రైవులో వేశాం, భయం లేదు" అని చాలామంది అంటారు. సి, డి చాలా సిస్టమ్‌లలో ఒకే డిస్కుకు అడ్డంగా కట్టిన గోడకు చెరో పక్క ఉన్న గదులు. ఇల్లు కూలితే రెండూ పోతాయి.

కాపీలో ముందు తిరిగి దొరకనివి తీయాలి. సినిమాలు, పాటలు తర్వాత. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందరికీ గుర్తుంటాయి. టాలీ డేటా వేరే ఫోల్డరులో ఉండవచ్చు, దాని దారి టాలీలోనే చూసి రాసుకోండి. అను ఫాంట్లు విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరులో ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసిన సీడీ, దానికి డాంగిల్ ఉంటే అదీ ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి. సిస్టమ్ ఇంకా నడుస్తుంటే ముఖ్యమైన పేజ్‌మేకర్ ఫైళ్లను పీడీఎఫ్‌లుగా కూడా చేసి పెట్టుకోండి. రేపు ఫాంటు దొరక్కపోయినా చదువుకోవడానికి మిగులుతుంది.

కాపీ కాకముందు చెక్ డిస్క్, డీఫ్రాగ్ లాంటివి నడపవద్దు. అవి డిస్కంతా తిప్పి తిప్పి చదివిస్తాయి, కొనఊపిరితో ఉన్నదానికి అది భారం. టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంటే ఇవేవీ వద్దు, వెంటనే ఆపేయండి. అందులో వెలకట్టలేనిది ఉంటే డేటా రికవరీ చేసేవారికి చూపించాలి. ఖర్చు బాగా ఎక్కువే. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని కొందరు చెబుతారు, తేమ చేరి ఉన్నదీ పోతుంది.

ఇక పరీక్ష. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కను, దాన్నే స్మార్ట్ అంటారు, చదివి చూపిస్తుంది. గుమాస్తాగిరీ చేసినవాళ్లం కాబట్టి మాకు ఈ పట్టిక నచ్చుతుంది. 05 అని ఉన్న వరుస, పాడైన చోట్లకు బదులు వేరే చోట్లు ఎన్ని వాడిందో చెబుతుంది. సి5 చదవలేక అనుమానంలో పెట్టినవి, సి6 దిద్దలేకపోయినవి. మూడూ సున్నా అయితే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. సి5, సి6 సున్నా కాకపోయినా, 05 వారం వారం పెరుగుతున్నా ఆ డిస్కు మీద మళ్లీ విండోస్ వేయడం కూలీ దండగ. సి7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి. పాత అంకె తగ్గదు, పెరగకుండా ఆగితే చాలు.

అంకెలు శుభ్రంగా ఉండి సిస్టమ్ మాత్రం మొరాయిస్తుంటే అప్పుడు విండోస్ మళ్లీ వేయించడం సబబు. రీసెట్‌లో "ఫైళ్లు ఉంచు" అన్న దారి ఉంది గానీ మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి, అంటే పేజ్‌మేకర్, అను కూడా మళ్లీ వేసుకోవాలి. డిస్కే పోయిందని తేలితే కొత్తగా ఎస్ఎస్‌డీ కొని దాని మీద వేయించండి. పాత సిస్టమ్ కూడా చురుకుగా కదులుతుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టమ్‌లు చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. సంచికల పనికి మాత్రమే వాడేదైతే నెట్ తీసేసి అలాగే నడుపుకోవచ్చని మా అభిప్రాయం. బ్యాంకు పనులు దాంట్లో వద్దు.

పాత డిస్కును షాపులో వదిలి రాకండి. అందులో ఆధార్ నకళ్లు, సభ్యుల ఫోన్ నంబర్లు ఉంటాయి. దాని మీద తేదీ రాసిన చీటీ అంటించి ఓ ఆరు నెలలు బీరువాలో ఉంచండి. ఏ ఫైలు మరిచామో సాధారణంగా అప్పటికి గానీ తెలియదు.