ఇంటర్నెట్ టెలిఫోను పెట్టె

ఇంటనున్న పాత టెలిఫోను ఇంటర్నెట్ మీఁదుగాఁ బలుకవలెనన్న నడుమ నడాప్టరను చిన్నపెట్టె కావలయును. అది మాటను అంకెల పొట్లములుగాఁ గట్టి పంపును. అమెరికాలో నివి రెండు తెఱఁగులుగా దొరకును.

ఊమా కంపెనీవారి టెలో సులభమైనది. తీగెలు తగిలించి, కంపెనీవారి యొద్ద నమోదు చేసికొన్నఁ జాలును. అయితే నా పెట్టె యాకంపెనీకే కట్టుబడి యుండును.

గ్రాండ్‌స్ట్రీమ్ వారి హెచ్.టి. 802 అట్లు కాదు. దానికి రెండు టెలిఫోనులు తగిలింపవచ్చును. సిప్ అను పద్ధతి ననుసరించు కంపెనీలలోఁ దగినదాని నెన్నుకొనవచ్చును. కాని సర్వరు పేరు, ఖాతా పేరు, రహస్యపదము మనమే వ్రాయవలయును. ఒక్క యక్షరము తప్పినను గంట మ్రోగదు. రౌటరు అడ్డుపడి ఒకవైపు మాటయే వినఁబడుట మఱియొక చిక్కు. ఓపికగల విద్యార్థి కిది మంచి బడియే!

మేమైతే ధరకంటె ముందుగా, చెడిననాఁడు సరిచేయువా రింట నెవరని యడుగుదుము. కొడుకు పనికిఁ బోఁగా ముసలితల్లి యొంటిగా నుండు నింట మొదటిదే మేలు.

విద్యుత్తు పోయినచో రెండును మూఁగవోవును, బ్యాటరీ నుంచవలయును. 911 అను నాపత్సంఖ్యకై యింటి చిరునామా ముందే తెలుపవలయును. ఇల్లు మారినపుడు మరలఁ దెలుపనిచో సహాయకులు పాత గుమ్మమునకుఁ బోవచ్చును.