చేయి తిరిగిన నేర్పు

ఒక పనిలో మిక్కిలి నైపుణ్యం గలవానిని తెలుగువారు ‘చేయి తిరిగినవాడు’ అంటారు. ఈ పలుకుబడిలో సూక్ష్మమైన పరిశీలన ఉంది. పనిని నడిపేది బుద్ధియే అయినా, అభ్యాసం పండిన తరువాత నేర్పు చేతిలోనే నిలిచి ఉన్నట్లు తోస్తుంది. ఆలోచన తెలియకుండానే చేయి తగిన చోటికి పోతుంది. దీనినే లోకం సహజప్రజ్ఞగా భావిస్తుంది. నిజానికి ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. సాధన వల్ల సహజంగా మారిన గుణం. ఈ మార్పు ఎట్లా కలుగుతుంది? అట్లా కలిగిన స్ఫురణను ఎంతవరకు నమ్మవచ్చు?

అనంతపురం జిల్లాలోని కణేకల్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. హగరి అనే మరొక పేరు గల వేదవతీ నది పరిసరాలలో గాలి పోగుచేసిన ఇసుకదిబ్బలు ఒకవైపు, తుంగభద్ర ఎగువ కాలువ నీటితో పండే వరిమళ్ళు మరొకవైపు ఇక్కడ కనిపిస్తాయి. కాలువ నీరు అందని మెట్టచేలలో వానే ఆధారం. వాన వెలిసిన తరువాత అనుభవజ్ఞుడైన రైతు గుప్పెడు మట్టిని తీసి పిడికిట నొక్కి చూస్తాడు. అది ముద్ద కట్టిన తీరును, వేళ్ళకు అంటిన తేమను బట్టి విత్తడానికి పదును చాలునో చాలదో క్షణంలో చెబుతాడు. ఒకప్పుడు అతడూ ఆ సంగతిని పెద్దలను అడిగి తెలుసుకున్నవాడే. విత్తిన కొద్ది రోజులకే మొలక కనబడి, అతని అంచనా ఒప్పో తప్పో తేల్చింది. ఏటేటా ఇట్లా పరీక్షకు నిలిచిన అంచనాలే చివరకు వేళ్ళకు తెలిసిన విద్య అయ్యాయి.

మనస్సులో జరిగే ఈ మార్పును చదరంగంపై జరిగిన పరిశోధనలు విశదం చేశాయి. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. నిజంగా ఆడిన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపి, పావులను తిరిగి అమర్చమన్నారు. మేటి ఆటగాడు మొదటి చూపులోనే సుమారు 16 పావులను సరిగా నిలిపాడు. కొత్తవాడు నాలుగింటిని మాత్రమే నిలపగలిగాడు. పావులను క్రమం లేకుండా చెదరగొట్టి చూపినప్పుడు ఆ ఆధిక్యం మాయమైంది. అంటే మేటి ఆటగానిది అసాధారణమైన జ్ఞాపకశక్తి కాదు. అతడు పావులను విడివిడిగా చూడక, తెలిసిన అమరికలుగా గుర్తిస్తున్నాడు. అక్షరాలను కూడబలుక్కొని చదివే బాలుడు కొంతకాలానికి మాటను మొత్తంగా చదవడం వంటిదే ఇది.

1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తండ్రి అశోక్ శిక్షణలో పెరిగి, 2002లో పదిహేనేళ్ళ వయస్సులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందారు. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్క్‌లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగంలో విజేతగా నిలిచారు. ఆ పోటీలో ఆట మొత్తానికి ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకు అదనంగా 10 సెకన్లు మాత్రమే ఇస్తారు. ప్రతి ఎత్తునూ మొదటినుండి లెక్కించే వ్యవధి ఉండదు. ఏళ్ళ తరబడి చేసిన సాధనే అక్కడ స్ఫురణ రూపంలో పలుకుతుంది.

చదరంగంలో పావులన్నీ కళ్ళ ఎదుటే ఉంటాయి. పేకాటలో ఎదుటివాని ముక్కలు కనబడవు. అందుచేత నేర్పుకు అదృష్టం తోడవుతుంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో 1968లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియడం అవసరం గనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని పేర్కొన్నది. పోకర్‌లో కూడా అభ్యాసం గలవాడు మిగిలిన ముక్కల లెక్కను, ఎదుటివారు పందెం పెంచే తీరును చూసినంతనే గ్రహిస్తాడు. కాని అక్కడొక చిక్కు ఉంది. హోల్డెమ్ అనే పోకర్ ఆటలో రెండు ఆసులు గలవాడు రెండు రాజులు గలవానితో చివరి ముక్క వరకు తలపడితే నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాడు. తక్కిన సందర్భాలలో ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతాడు. అవివేకంగా పందెం కాసినవాడు ఆనాడు గెలుస్తాడు. ఫలితమే గురువైన చోట, ఆ గురువు అప్పుడప్పుడు అబద్ధం చెబుతాడన్నమాట. అందుకే వివేకి అయిన ఆటగాడు ‘గెలిచానా?’ అని కాక, ‘నా నిర్ణయం సరియైనదా?’ అని ప్రశ్నించుకుంటాడు. ఈ విచారణ లేనివానికి అభ్యాసం నేర్పును కాక భ్రమను పెంచుతుంది.

డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2009లో ఈ విషయాన్ని చర్చించి, స్ఫురణ నమ్మదగినది కావడానికి రెండు నియమాలు చెప్పారు. మొదటిది, ఆ రంగంలో స్థిరమైన క్రమం ఉండాలి. రెండవది, ఆ క్రమాన్ని నేర్చుకొనే అవకాశం దీర్ఘకాలం లభించాలి. అందుకు తప్పొప్పులు వెంటనే, స్పష్టంగా తెలియాలి.

కణేకల్ రైతు అనుభవం ఈ నియమాలకు అద్దం పడుతుంది. నేలలోని పదునును అతని వేళ్ళు తప్పక చెబుతాయి. కాని వచ్చే నెలలో వాన కురుస్తుందో లేదో ఎంతటి అనుభవమూ చెప్పలేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వర్షపాతం గల ఆ జిల్లాలో ఒక్క వాన తప్పితే వేరుశనగ ఊడలు దిగవు; పెట్టిన పెట్టుబడి మట్టిపాలవుతుంది. ఇది తెలిసిన రైతు వేరుశనగ సాళ్ళ నడుమ కందిని కూడా విత్తుతాడు. ఒకటి పోయినా మరొకటి చేతికి వస్తుందని అతని ఆశ. తనకు తెలిసిన చోట చేతిని నమ్మడం, తెలియని చోట సర్వస్వం ఒడ్డకపోవడం అతని వివేకం.

యువత ఈ భేదాన్ని గ్రహించడం నేడు అత్యవసరం. నాలుగు ఆటలు గెలిచిన కుర్రవాడు తనకు చేయి తిరిగిందని తలచి ఐదవ ఆటలో చదువు రుసుమును ఒడ్డవచ్చు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా అందుకు చట్టం చేసింది. చట్టం బయటి కంచె మాత్రమే. తన స్ఫురణ సాధన ఫలమో, అదృష్టం కల్పించిన భ్రమో విడదీసి చూడగల వివేకం మనిషికి లోపలి కంచె. అభ్యాసం నేర్పును ఇస్తుంది; ఆ నేర్పు హద్దును ఎరిగినవాడే నిజంగా చేయి తిరిగినవాడు.