పాత సెడాన్ కొనేముందు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెక్కింటికి తొలి కారు కొత్తది కాదు. మరొకరు ఎనిమిదేండ్లో పదేండ్లో నడిపి విడిచిన సెడాన్. హోండా సిటీ, మారుతి డిజైర్, హ్యుందాయ్ వెర్నా, టొయోటా ఎటియోస్ వంటి బండ్లు ఆ వయస్సుకు వచ్చేసరికి కొత్త చిన్నకారు కన్నా చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. నలుగురు సుఖంగా కూర్చుని, డిక్కీలో సామాను సర్దుకొని, పండుగకు నెల్లూరో తిరుపతో వెళ్ళి రావచ్చు. ఈ లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ ఇచ్చే సొమ్ము సామాన్యంగా ఇంటిల్లిపాదీ ఏండ్ల తరబడి కూడబెట్టినది. కొన్న ఆరునెలలకే ఇంజను విప్పవలసి వస్తే దానిని తట్టుకొనే శక్తి అందరికీ ఉండదు.

కొనదలచినవారు మొదట అడిగే ప్రశ్న "ఏ కంపెనీ బండి మంచిది?" అన్నది. పదేండ్లు దాటిన కారు విషయంలో ఆ ప్రశ్నకు అంత బలం లేదు. ఒకే సంవత్సరం, ఒకే కర్మాగారం నుండి వచ్చిన రెండు కార్లలో ఒకటి వేళకు ఆయిల్ మార్చుకొంటూ ఇంటి నీడన నిలిచి ఉండవచ్చు. రెండవది టాక్సీగా తిరిగి, వరదలో మునిగి, పాలిష్ పెట్టించుకొని అమ్మకానికి వచ్చి ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ వ్యాపారానికి బాగా సరిపోతుంది. కనుక పరీక్షించవలసినది ఆ ఒక్క కారు గడచిన జీవితాన్ని.

మీటరు చెప్పే మాట

అమ్మేవారు ముందుగా చూపించేది మీటరు. పదేండ్ల కారు నలభై వేల కిలోమీటర్లే తిరిగిందంటారు. మీటరులోని అంకెను తగ్గించడం చేతనైనవారికి పెద్ద పని కాదు; డిజిటల్ మీటర్లకూ ఆ బెడద తప్పలేదు. సొంత అవసరానికి వాడే కారు ఏడాదికి పది పన్నెండు వేల కిలోమీటర్లు తిరగడం సామాన్యం. విశ్రాంత ఉద్యోగి ఇంటి కారు అంతకన్నా చాలా తక్కువ తిరగడమూ ఉన్నదే. అయితే అటువంటప్పుడు కారులోని మిగిలిన భాగాలన్నీ ఆ మాటకు సాక్ష్యం పలకవలెను. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగు మీది గరుకు పోయి మెరుస్తోందా, డ్రైవరు సీటు అంచు నలిగి కుంగిందా అన్నవి చూడండి.

టైర్లు ఇంకా స్పష్టంగా చెబుతాయి. టైరు ప్రక్కభాగాన ముద్రించిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. 2014 కారుకు నాలుగూ 2019 నాటి టైర్లే ఉండి, మీటరు మొత్తం పాతికవేలు చూపిస్తుంటే, మొదటి టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగవలెను. నిలిచిపోయి పగుళ్ళిచ్చినందువల్ల మార్చామన్న సమాధానం నిజమే కావచ్చు. కాని ఆ సమాధానం వినవలసిందే. అన్నిటికన్నా గట్టి ఆధారం అధీకృత సర్వీసు కేంద్రంలోని రికార్డు. బండి వచ్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు అక్కడ నమోదవుతాయి. యజమానినే వెంటబెట్టుకొని వెళ్ళి ఆ పట్టీ అడగండి. దానికి వెనుకాడే యజమాని దగ్గర కారు కొనకపోవడమే మేలు.

డిజైర్, ఎటియోస్ బండ్లు టాక్సీలుగా విరివిగా తిరిగాయి. పసుపు పలక తీసి తెల్లపలకకు మార్చుకొన్నవి కూడా అమ్మకానికి వస్తాయి. అది చట్టబద్ధమే గాని, ఆ సంగతి ధరలో కనిపించవలెను.

నీట మునిగిన బండి

మన నగరంలో కారు కొనేవారు మరీ శ్రద్ధగా చూడవలసిన విషయం ఇది. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు, మళ్ళీ 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వేళ (ఆ తుపానే తరువాత బాపట్ల దగ్గర తీరం దాటింది) వేళచ్చేరి వంటి పల్లపు ప్రాంతాలలో ఎన్నో కార్లు నీట మునిగాయి. బాగుచేయడానికయ్యే ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం మించితే బీమా కంపెనీ దానిని పూర్తి నష్టంగా లెక్కగట్టి సొమ్ము చెల్లిస్తుంది. మిగిలిన బండి వేలానికి పోతుంది. అలా కొన్నవారు కొందరు దానిని భాగాలుగా విప్పి అమ్ముతారు. కొందరు ఆరబెట్టి, సీట్లు మార్చి తిరిగి రోడ్డెక్కిస్తారు.

మునిగిన కారు కొన్ననాడు చక్కగానే నడుస్తుంది. చిక్కు నెలల తరువాత వస్తుంది. వైరింగు కప్లర్ల లోపల తేమ నిలిచి, రాగి పచ్చబారి, ఈ రోజు హెడ్‌లైటు, రేపు పవర్ స్టీరింగు అన్నట్లు ఒక్కొక్కటే మొరాయిస్తుంది. ఎయిర్‌బ్యాగులను నడిపే యంత్రపు పెట్టె చాలా కార్లలో గేరు దండం సమీపంలో, నేలకు దగ్గరగా ఉంటుంది. అది నీట నానితే ప్రమాదవేళ ఎయిర్‌బ్యాగు తెరుచుకొంటుందన్న భరోసా ఉండదు. ఇది డబ్బుతో పోయే నష్టం కాదు.

గుర్తించే మార్గాలు కష్టమైనవి కావు. సీటు బెల్టును చివరి వరకూ లాగి చూడండి. బయట కనిపించే భాగం కడిగినా, లోపల చుట్టుకొని ఉండే చివర బురద చార మిగులుతుంది. స్టెప్నీ తీసి దాని గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. సీట్ల క్రింది బోల్టులకు తుప్పు, నేల తివాచీ ఎత్తినప్పుడు ముక్కిన వాసన, హెడ్‌లైటు లోపల నీటి గీత ఇవన్నీ సాక్ష్యాలే. కారు లోపల సెంటు వాసన అతిగా గుప్పుమంటే ఈ పరీక్షలన్నీ రెండుసార్లు చేయండి.

బీమా పత్రం కూడా ఒక కథ చెబుతుంది. క్లెయిమ్ చేయని ప్రతి సంవత్సరానికీ రాయితీ 20, 25, 35, 45 శాతంగా పెరిగి 50 దగ్గర నిలుస్తుంది. ఒకే యజమాని చేతిలో ఉండి, పూర్తి బీమా ఏటేటా చెల్లించిన పదేండ్ల కారుకు ఆ రాయితీ సున్నా అని ఉంటే, క్రిందటి సంవత్సరం క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. ఎందుకో అడగండి. ఈ రాయితీ యజమానిదే గాని బండిది కాదు. కొన్నవారికి అది రాదు.

చల్లని ఇంజను

కారు చూడడానికి ఉదయం వెళ్ళండి. తాము వచ్చేవరకూ స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఇంజనును సిద్ధం చేశారన్నమాట. చల్లని ఇంజనే నిజం చెబుతుంది. మొదటి క్షణాలలో గలగలమని చైను శబ్దం వచ్చి నిలిచిపోకుంటే ఖర్చు ఎదురుచూస్తోంది. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిల్ కాలుతోంది. నల్లగా వస్తే ఇంధనం సరిగా మండడం లేదు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుంటే కూలెంట్ లోపలికి చేరుతోందేమో అనుమానించవలెను. ఆయిల్ మూత తీసి అడుగున చూడండి. మజ్జిగలాంటి నురగ ఉంటే నీరు, నూనె కలిశాయి. అక్కడితో ఆ బేరం ముగించవచ్చు. కూలెంట్ మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తెరవవలెను.

పెట్రోలు కార్లకు ఇప్పుడు మరొక మాట చేరింది. బంకులలో వచ్చే పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి పెరిగింది. 2023కు ముందు తయారైన కార్లలో చాలావాటిని అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని రూపొందించలేదు. కనుక ఇంధన గొట్టాలు, రబ్బరు భాగాలు గట్టిపడ్డాయా, పెట్రోలు వాసన వస్తోందా అన్నది మెకానిక్కు చేత ప్రత్యేకంగా చూపించండి.

తుప్పు, అతుకులు

తిరువొత్తియూరు నుండి తిరువాన్మియూరు దాకా సముద్రపు గాలి తగిలే వీధులలో పెరిగిన కారును క్రిందనుండి చూడకుండా కొనరాదు. లిఫ్టు మీద ఎక్కించి అడుగుభాగం చూపమనండి. పైపైన ఎరుపు సామాన్యం. స్క్రూడ్రైవరు మొనతో తట్టినప్పుడు రేకు లోపలికి కుంగితే అది వదలవలసిన కారు. గుద్దుకొన్న బండిని టింకరింగ్ చేసి రంగు వేసినా కొన్ని గుర్తులు చెరగవు. బానెట్, తలుపుల బోల్టుల మీద స్పానరు గాట్లు, తలుపుకూ పక్కరేకుకూ మధ్య ఒకచోట ఇరుకు ఒకచోట వెడల్పుగా ఉండే సందు, ఒక్క అద్దం మీద మాత్రమే వేరే సంవత్సరపు గుర్తు అటువంటివి.

నడిపి చూసేటప్పుడు ఇరవై నిమిషాలకు తగ్గవద్దు. కత్తిపారా వంటి ఎత్తయిన వంతెన ఎక్కేటప్పుడు పైగేరులో యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజను హోరు పెరిగి వేగం పెరగకుంటే క్లచ్చు అరిగింది. మధ్యాహ్నపు ఎండలో సిగ్నలు దగ్గర నిలిచి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గుతోందా చూడండి. కూలింగ్ కాయిల్ పోతే డాష్‌బోర్డు విప్పవలసి రావచ్చు, కూలి దానికే ఎక్కువ.

మెకానిక్కును మీరే తీసుకొని వెళ్ళండి. అమ్మేవారు చూపినవానిని కాదు. మన ఊరివాడు, మనవాడు "అన్నా, నా మాట నమ్ము, బండి బంగారం" అన్నప్పుడు పరీక్ష చేయించడం మొహమాటంగానే ఉంటుంది. బంధుత్వం చెడేది అడిగినందుకు కాదు, అడగక కొని తరువాత నిష్ఠూరాలాడుకొన్నందుకే. ఇంకొక ఉచిత పరీక్ష కూడా ఉంది. 2013, అంతకు ముందటి హోండా సిటీ కార్లలో పెక్కింటిని టకాటా ఎయిర్‌బ్యాగుల లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచి ఆ భాగాన్ని ఉచితంగా మార్చింది. కారు ఏదైనా, అటువంటి పిలుపు పెండింగులో ఉందేమో ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ వద్ద తెలుసుకోవచ్చు.

కాగితాలు

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ గడువు, అప్పు, బీమా, చలాన్లు చూడండి. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చేవరకూ పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. దొంగబండి కాదని నిర్ధారించుకోవడానికి జాతీయ నేర గణాంక సంస్థ వారి వాహన్ సమన్వయ్ వేదికలో ఇంజను, ఛాసిస్ నంబర్లతో వెదకవచ్చు. ఆ నంబర్లను బండి మీద మీ కళ్ళతో చదివి పోల్చండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకోవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ రుసుము 600 నుండి 5,000 రూపాయలైంది. పదమూడేండ్ల కారు కొంటున్నవారు ఈ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోవలెను. నెల్లూరు, చిత్తూరు బంధువుల కారు కొని ఇక్కడికి తెచ్చేవారికి ఫారం 28 నిరభ్యంతర పత్రం కావాలి. పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచితే తమిళనాడు నంబరు తీసుకొని ఇక్కడి పన్ను కట్టవలసిందే. ఆ పన్ను కలిపితే ఊరిలో చవక అనుకొన్న బండి ఇక్కడి ధరకే వచ్చి కూర్చుంటుంది.

ఫారాలు 29, 30 మీద తేదీ లేకుండా సంతకాలు చేయించి దళారీ దగ్గర ఉంచే అలవాటు ఉంది. ఒప్పుకోవద్దు. ఒకే రాష్ట్రంలోని బదిలీని అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా అధికారికి తెలుపవలెను. బీమా తమ పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజులలో కంపెనీకి దరఖాస్తు చేయవలెను. ఆ దరఖాస్తు రసీదు చేతికి వచ్చిన తరువాతనే కుటుంబాన్ని ఎక్కించుకొని దూరప్రయాణం పెట్టుకోండి.